సంక్రాంతి కొలువులో న్యూఆర్క్ ముట్టడి పెట్టాలంటే

మా ఇల్లు విశాఖ బురుజుపేటలో, కనకమహాలక్ష్మి అమ్మవారి గుడికి నడిచి ఐదు నిమిషాలు. మార్గశిరం గురువారాల్లో మా వీధిలో కాలు పెట్టే సందుండదు. పుష్యం వచ్చి ఆ రద్దీ తగ్గాక నాకు కొలువు పని మొదలవుతుంది. ముప్పై ఏళ్లు సోషల్ చెప్పి రిటైరైనదాన్ని, చెయ్యి ఊరుకోదు. మెట్ల మీద బొమ్మలన్నీ మా అత్తగారివి. రాముడి పట్టాభిషేకం, పెళ్లి బాజా, కూరగాయల అవ్వ, చెట్టియారు దంపతులు, వాటి జోలికి నేను పోను. మెట్ల ముందు నేల మీద, అందరూ పల్లెటూరో పార్కో పెట్టే చోటు మాత్రం నాది. ఒక ఏడాది బొబ్బిలి కోట పెట్టాను. మూడేళ్లుగా ఇంగ్లండులోని న్యూఆర్క్ అనే ఊరి ముట్టడి పెడుతున్నాను. పేరంటానికి వచ్చిన వాళ్లు ‘ఎలా చేశారండీ’ అని అడుగుతుంటే నిలబడి చెప్పలేక ఇది రాస్తున్నాను.

మొదటి ఏడాది మా అత్తగారు చూసి, “ఏటే ఇది, పండగ పూట యుద్ధమేటి? అదీ ఎక్కడిదో!” అన్నారు. బొబ్బిలి పెట్టినప్పుడు ఏమీ అనలేదు కదత్తయ్యా అంటే, “అది మన యుద్ధమే” అన్నారు. ఆ మాటకి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

కాకపోతే బొబ్బిలి వల్ల మనకి ఒక అలవాటు పడిపోయింది. కోట ముట్టడి అంటే తెల్లారి ఫిరంగులు మోగడం, పొద్దుగూకేసరికి అంతా అయిపోవడం. 1757 జనవరి 24న బొబ్బిలిలో జరిగింది అదే. న్యూఆర్క్‌లో అలా కాదు. 1645 నవంబరు చివర మొదలై 1646 మే దాకా నడిచింది, అంటే దాదాపు ఆరు నెలలు. ఆ ఆరు నెలల్లో ఎక్కువ పని చేసింది కత్తులు కాదు, పారలు. అందుకే మీరు ముందు కొనాల్సింది బొమ్మలు కాదు, మట్టి.

కథ తెలియకుండా మట్టిలో చెయ్యి పెట్టకండి, కాబట్టి నాలుగు ముక్కల్లో చెబుతాను. 1642లో ఇంగ్లండులో రాజు మొదటి చార్లెస్‌కీ పార్లమెంటుకీ యుద్ధం మొదలైంది. ట్రెంట్ నది ఒడ్డున ఉన్న న్యూఆర్క్ రాజు పక్షం. లండన్ నుంచి ఉత్తరానికి పోయే పెద్ద రోడ్డు, రోమన్ల నాటి ఫాస్ వే అక్కడే కలుస్తాయి. ఆ ఊరు ఎవరి చేతిలో ఉంటే ఆ రోడ్లు వాళ్లవి. పార్లమెంటు వాళ్లు మూడుసార్లు వచ్చారు. 1643 ఫిబ్రవరిలో వచ్చి రెండు రోజులకే తిరిగిపోయారు. 1644లో సర్ జాన్ మెల్డ్రమ్ వచ్చి చుట్టుముడితే, మార్చి 21న రాజు మేనల్లుడు ప్రిన్స్ రూపర్ట్ వెనకనుంచి వచ్చి ఆయన్నే చుట్టుముట్టేశాడు. మూడోసారి తూర్పున, దక్షిణాన సిడ్నమ్ పాయింట్జ్ ఇంగ్లీషు సైన్యం, వాయవ్యాన పార్లమెంటుకి తోడొచ్చిన లెవెన్ ప్రభువు స్కాట్లండు సైన్యం, మొత్తం 16,000 మందికి పైగా దిగారు. లోపల గవర్నరు జాన్ బెలసిస్. మనం పెట్టేది ఈ మూడోది.

ఇక పని. 4 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు ప్లైవుడ్ పలక తీసుకోండి. 12 ఎం.ఎం. మందం ఉండాలి, సన్నదైతే తడికి వంగిపోతుంది. దాని మీద పాలిథిన్ షీటు పరవండి. నర్సరీలో అమ్మే ఎర్రమట్టి మూడు పాళ్లు, ఇసుక ఒక పాలు, ఊక ఒక పాలు కలిపి రాత్రంతా తడిపి ఉంచండి. ఊక లేకపోతే ఆరాక బీటలిస్తుంది. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల నుంచి తెద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, అది రక్షిత ప్రాంతం, అక్కడ పిడికెడు కూడా తవ్వకూడదు. మా మరిది ఓసారి ఉత్సాహపడితే వెనక్కి పంపాను. పలక నిండా అంగుళం మందాన మట్టి పరిస్తే నలభై కిలోల దాకా అవుతుంది. అది ఏ మూల ఉండాలో ఆ మూలే పెట్టి కట్టండి. తరవాత ఇద్దరు మగాళ్లు పట్టినా కదలదు, కదిపితే కోట కూలుతుంది.

కొలువు మెట్లు ఉన్న వైపు ఉత్తరం అనుకోండి. అప్పుడు నది మీ ఎడమచేతి కింది మూల నుంచి పైకి, కొంచెం కుడికి పోవాలి. ఊరు దాటే చోట ట్రెంట్ రెండు పాయలవుతుంది, మధ్యలో లంక ఉంటుంది. మన కోనసీమ లంకలంత పచ్చగా ఊహించుకోకండి, అది పల్లపు మైదానం. ఊరు కుడి పాయ ఒడ్డున. మొదటి ఏడాది నేను నదిలో నిజం నీళ్లు పోశాను. భోగి మంట దగ్గరకి వెళ్లి వచ్చేసరికి నీళ్లు షీటు చిరుగులోంచి దిగి నైరుతి బురుజు బురదైపోయింది. అప్పటి నుంచి నీలం జాకెట్టు ముక్క పరిచి, దాని మీద పుస్తకాలకి వేసే పారదర్శకపు ప్లాస్టిక్ అట్ట వేస్తున్నాను. దీపం పెడితే నీళ్లలాగే మెరుస్తుంది.

ఊరికి జాన్నర చోటు చాలు. నది ఒడ్డున రాతి కోట, మధ్యలో సెయింట్ మేరీ మాగ్డలీన్ చర్చి. దాని శిఖరం 236 అడుగులు. అగరబత్తుల ప్యాకెట్టు అట్టని సూదిగా చుడితే అదే శిఖరం. చుట్టూ ఇళ్లకి అగ్గిపెట్టెలు వాడండి. తెల్ల కాగితం అంటించి, నల్ల పెన్నుతో అడ్డంగా నిలువుగా గీతలు గీస్తే ఆ కాలం నాటి కలప చట్రాల ఇళ్లలాగే కనిపిస్తాయి. దీని మీద ఒక పూట కంటే ఎక్కువ పెట్టకండి. చూసేవాళ్ల కళ్లు ఊరి మీద నిలవవు, నిలవకూడదు కూడా.

కళ్లు నిలవాల్సింది క్వీన్స్ స్కాన్స్ మీద. ఊరికి నైరుతిన, అంటే పలక మీద మీకు దగ్గరగా, రాణి హెన్రియెట్టా మరియా పేరు మీద కట్టిన మట్టి కోట అది. మూడెకరాల చోటు. ఇప్పటికీ అక్కడి పార్కులో గడ్డి కప్పుకుని నిలబడే ఉంది. మా పేట పేరులోనే బురుజు ఉంది. బురుజు అంటే మనకి గుండ్రంగా ఎత్తుగా రాతితో కట్టింది గుర్తొస్తుంది. దీని బురుజులు గుండ్రం కాదు, బాణం ములుకులు. నాలుగు మూలలా నాలుగు. రాయి కూడా కాదు, ఉత్త మట్టి. ఫిరంగి గుండు తగిలితే రాతి గోడ పగిలి పెళ్లలు మనుషుల మీదే పడతాయి. మట్టి గోడలో గుండు దిగబడి ఊరుకుంటుంది. గోడ ఎత్తుగా ఉంటే దూరం నుంచి గురి సులువు, అందుకే అది పొట్టిగా లావుగా ఉండాలి.

మరి ములుకు ఆకారం ఎందుకు? ఇది పిల్లలకి చెప్పడానికి నేనెన్ని బోర్డుల మీద సుద్దముక్కలు అరగదీశానో. గుండ్రటి బురుజు ముక్కు దగ్గరికి శత్రువు వచ్చి నక్కితే, పక్క బురుజు మీద ఉన్నవాడికి ఆ చోటు కనపడదు. ములుకైతే దాని రెండు చెంపలూ తిన్నగా ఉంటాయి, పక్క బురుజు మీద ఉన్నవాడు ఆ చెంప పొడుగునా కాల్చగలడు. నక్కే చోటే ఉండదు.

అది గీయడం మా ఆయన నేర్పారు. ఆయన పోర్టులో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేశారు, నేను చేత్తో గీసిన నక్షత్రం చూసి రెండు రోజులు నవ్వారు. లెక్క ఇది. దళసరి అట్ట మీద 6 అంగుళాల చతురస్రం గీయండి. ప్రతి భుజం మీద, రెండు మూలల నుంచీ అంగుళంన్నర దూరంలో చుక్కలు పెట్టండి. ప్రతి చుక్క నుంచి భుజానికి నిటారుగా బయటికి ముప్పావు అంగుళం గీత గీయండి. ఇప్పుడు చతురస్రపు కర్ణాలని మూలల బయటికి 2 అంగుళాల పైన వెంట్రుకవాసి సాగదీయండి. ఆ కొస బురుజు ముక్కు. ముక్కుని రెండు పక్కలా ఉన్న ముప్పావు అంగుళం గీతల చివరలకి కలపండి. నాలుగు మూలలా చేస్తే అటూ ఇటూ 9 అంగుళాల కోట వస్తుంది.

సరిగ్గా వచ్చిందో లేదో చూడ్డానికి ఒక కొబ్బరి ఈనె తీసుకుని ముక్కు దగ్గర పెట్టి చెంప వెంట సాగదీయండి. ఈనె రెండో కొస పక్క బురుజు మొదట్లో పెట్టిన చుక్కకి తగలాలి. తగిలితే అక్కడ నిలబడ్డ ఫిరంగి ఈ చెంపంతా కాస్తుంది. తగలకపోతే మళ్లీ గీయండి. నాకు మూడోసారికి తగిలింది.

అట్టని మట్టి మీద పెట్టి దబ్బనంతో చుట్టూ గీసి తీసేయండి. ఇక్కడ చాలామంది విడిగా మట్టి తెచ్చి గోడ పెడతారు, అలా చేయకండి. గీత బయట వేలెడు వెడల్పున కందకం తవ్వండి, తవ్విన మట్టినే గీత లోపల పోసి గోడ చేయండి. అక్కడ జరిగింది కూడా అదే, కందకం ఎంత లోతైతే గోడ అంత ఎత్తు. చాలకపోతే పిడికెడు కలపండి గానీ రెండంగుళాలు దాటనివ్వకండి. గోడ బయటి వాలు మీద ఈనె ముక్కలు అంగుళం అంగుళం కోసి, కొసలు బయటికి చూసేలా అడ్డంగా వరసగా గుచ్చండి. ఎగబాకే వాళ్లని ఆపడానికి అప్పట్లో చెక్కిన మొద్దుల్ని ఇలాగే దిగ్గొట్టేవారు. ఈ పని పిల్లలకి ఇవ్వండి, గంటసేపు చప్పుడుండదు. ఊరికి ఈశాన్యాన కింగ్స్ స్కాన్స్ ఉండేది. ఇప్పుడు లేదు. నేను లెక్కలన్నీ సగం చేసి చిన్నది పెడతాను, రెండూ ఒకే సైజులో పెడితే ఊరికి చోటుండదు.

పచ్చదనానికి చోళ్లు చల్లండి. ఆవాలు వద్దు. ఒక ఏడాది ఆవాలు చల్లాను. భోగి నాటికి జానెడు లేచి కోట కనబడకుండా కప్పేశాయి. వచ్చినవాళ్లంతా “తోట బాగుందండీ” అన్నారు. చోళ్లైతే సన్నగా గడ్డిలాగే వస్తాయి. రాత్రి నానబెట్టి, జనవరి 6 సాయంత్రం గోడల వాలు మీద చల్లి, తడి గుడ్డ రెండు రోజులు కప్పి, తరవాత ఇస్త్రీ బట్టలకి చల్లే సీసాతో పూటకోసారి నీళ్లు చల్లుతూ ఉండండి. భోగికి అంగుళం ఉంటుంది. ఊరి వాళ్ల కోటల మీదే చల్లండి. ముట్టడించే వాళ్ల గోడల మీద ఒక్క గింజ పడకూడదు. వాళ్లది అప్పుడే తవ్విన మట్టి, ఎర్రగా పచ్చి పుండులా ఉండాలి. పచ్చ ఒకటి లోపల, ఎరుపు ఒకటి చుట్టూ. ఎవరు ఎవర్ని చుట్టుముట్టారో మాట లేకుండా తెలుస్తుంది.

ఆ ఎర్రటి వలయం ఊరిని పూర్తిగా చుట్టాలి. వేలెడు కందకం, పక్కన వేలెడు గట్టు, అక్కడక్కడా నాలుగు పలకల చిన్న దిబ్బలు. వాయవ్యాన లంకలో స్కాట్లు కట్టిన పెద్ద శిబిరానికి వాళ్లే ఎడిన్‌బరో అని పేరు పెట్టుకున్నారు. అమెరికా వెళ్లి వీధికి మన ఊరి పేరు పెట్టుకున్నట్టు! అక్కడ చిన్న జెండా గుచ్చండి.

వలయానికీ ఊరికీ మధ్య కనీసం జానెడు జాగా ఖాళీగా వదిలేయండి. నాకు ప్రతి ఏడూ గొడవయ్యేది ఇక్కడే. మా మనవడు ఆ ఖాళీలో గుర్రాలు పెడతాడు, నేను తీసేస్తాను. ఆ కాలపు తుపాకీ నూరు గజాలు దాటితే గురి తప్పేది, కానీ ఫిరంగి దాటేది. ఆ ఖాళీలోకి ఎవడూ ఊరికే రాడు. వచ్చేవాడు రాత్రి వస్తాడు, పారతో వస్తాడు. కాబట్టి అక్కడ ఒకే ఒక్క బొమ్మ పెట్టండి, వంగి తవ్వుతున్నట్టు.

బొమ్మలకి ఏటికొప్పాక చిన్న లక్క బొమ్మలు సరిపోతాయి. అంకుడు కర్ర తేలిక, మట్టిలో దిగబడవు. టోపీలు, ఈకలు చూసి ఎవరిది ఏ పక్షమో చెప్పొచ్చనుకుంటారు గానీ, రెండు వైపులా బట్టలు దాదాపు ఒకటే. నడుముకి కట్టిన పట్టీ రంగే గుర్తు. రాజు పక్షానికి ఎర్ర దారం, పార్లమెంటుకి నారింజ దారం చుట్టండి. స్కాట్లకి నెత్తిన నీలం టోపీ, బొట్టుబిళ్ల అంటిస్తే చాలు. ఈటెలకి ఈనెలు. ఈటె పదహారు అడుగులు, అంటే మనిషికి మూడింతలు ఉండాలి. పొట్టి ఈటెలు పెడితే మా ఆయన పళ్లు కొరుకుతారు.

మూడు రోజులూ కొలువు ఒకేలా ఉంచకండి. భోగి నాడు నవంబరు నెల. వలయంలో రెండు మూడు చోట్ల ఖాళీలు వదలండి, ఊళ్లో అందరూ నిలబడి ఉండాలి. సంక్రాంతి నాడు మార్చి. ఖాళీలన్నీ పూడ్చేయండి. ఊరి పక్కనుంచి పారే చిన్న కాలువకి అడ్డంగా మట్టికట్ట వేయండి. ఊళ్లో పిండిమరలు తిరగకుండా పాయింట్జ్ నీళ్లు ఆపించాడు. ఇది చూసిన రోజు మా అత్తగారు మొదటిసారి కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నారు. “తిండి గింజలుండీ పిండి లేకపోతే ఎలాగే?” అని అడిగారు. ఊళ్లో ప్లేగు కూడా వచ్చిందని చెప్పి, రెండు బొమ్మలు పడుకోబెట్టాను. ఆవిడ లేచి ఒక బొమ్మకి చిన్న గుడ్డ కప్పి వెళ్లిపోయారు.

భోగి నాడు పిల్లల నెత్తిన భోగిపళ్లతో పోయడానికి న్యూఆర్క్ నాణేలు చేయండి, మిగిలినవి సంక్రాంతి నాడు చూపించండి. ముట్టడిలో జీతాలివ్వడానికి డబ్బు లేక న్యూఆర్క్ వాళ్లు వెండి పళ్లేలు, గిన్నెలు కోసి నాణేలు చేసుకున్నారు. గుండ్రంగా కాకుండా డైమండ్ ఆకారంలో కోశారు. ఒకవైపు కిరీటం, అటూ ఇటూ రాజు పేరు పొడి అక్షరాలు, కింద రోమన్ అంకెల్లో విలువ. 30, 12, 9, 6 పెన్నీలవి నాలుగు రకాలు. ఇంకోవైపు ‘ఓబీఎస్ న్యూఆర్క్’, అంటే ముట్టడిలో ఉన్న న్యూఆర్క్, కింద 1645 లేదా 1646. స్వీటు డబ్బాల వెండి అట్టని జీడిపప్పు కట్లీ ముక్కల్లా కోసి, రీఫిల్ అయిపోయిన పెన్నుతో వెనక నుంచి నొక్కి గీయండి. రేకు డబ్బా కోయకండి, పిల్లల నెత్తిన పోసేవి, అంచులు గీసుకుంటాయి. రేగిపళ్లు, చెరుకు ముక్కలు, బంతిరేకులతో కలిపి పోయండి. తొమ్మిది పెన్నీల నాణెం ఎందుకుందో పిల్లలు తప్పకుండా అడుగుతారు. చేతికొచ్చిన వెండి ముక్క బరువుని బట్టి విలువ కట్టుకునే రోజులు అవి అని చెప్పండి.

కనుమ నాడు మే నెల. పలక ఎడమ అంచున, వలయం బయట, ఒక అగ్గిపెట్టె సత్రం పెట్టండి. అది సౌత్‌వెల్. దాని ముందు కిరీటం లేని, పట్టీ లేని మామూలు బొమ్మ. రాజు చార్లెస్ 1646 ఏప్రిల్ 27న నౌకరు వేషంలో ఆక్స్‌ఫర్డ్ నుంచి జారుకుని, మే 5న అక్కడికి వచ్చి స్కాట్లకి చిక్కాడు, కాదు, తనే వెళ్లి చేతికి దొరికాడు. స్కాట్ల దగ్గర ఉండగానే న్యూఆర్క్‌ని అప్పగించమని కబురు పెట్టాడు. గోడ ఎక్కి ఎవరూ గెలవలేదు. మే 8న లోపలి సైన్యం బయటికి నడిచి వచ్చింది. ఎర్ర పట్టీల బొమ్మల్ని వలయంలో ఒక సందు చేసి బయటికి వరసగా పెట్టండి. చూసేవాళ్లు “మరి ఆఖరి యుద్ధమేదండీ?” అంటారు. లేదని చెప్పండి.

నేను తప్పని తెలిసీ ఒక బొమ్మ పెడతాను. హెర్క్యులిస్ క్లే అనే ఆయన 1644 నాటి, అంటే రెండో ముట్టడి నాటి మనిషి. తన ఇల్లు తగలబడుతున్నట్టు వరసగా మూడుసార్లు కల వస్తే ఇల్లు ఖాళీ చేశాడట, అంతలోనే గుండు ఆ ఇంటి మీదే పడిందట. బతికి బయటపడ్డందుకు పేదలకి రొట్టెలు పంచమని డబ్బు రాసి పోయాడు. సంగతి వేరే ఏడాదిదైనా మా అత్తగారికి ఆ బొమ్మంటే ఇష్టం. కల వచ్చిందంటే అమ్మవారే చెప్పి ఉంటుందని ఆవిడ లెక్క. గోధుమపిండితో గోలీలంత రొట్టెలు చేసి నేతిలో వేయించి, సెనగలతోపాటు పేరంటాళ్లకి ఆవిడ చేతే ఇప్పిస్తాను.

కనుమ రాత్రి హారతిచ్చి, పై మెట్టు మీద ఒక బొమ్మని పవళింపజేసి, మర్నాడు పలక దులపాలి. ముందు చోళ్ల మొలకలు కత్తెరతో కోసి ఆవుకి పెట్టండి, ఈనె ముక్కలు ఒక్కటి కూడా వాటిలో కలవకుండా చూసుకోండి, గొంతులో గుచ్చుకుంటాయి. అక్కడ లొంగిపోయాక కోటలు కూల్చమని ఆదేశాలిచ్చారు. నది పక్క రాతి కోటలో నది వైపు గోడ, ఉత్తరపు ద్వారం మిగిలాయి. మట్టి కోట ఇంచుమించు అలాగే మిగిలింది. మనది మాత్రం ఊకతో సహా బకెట్లలో ఎత్తి మందార, తులసి కుండీల్లో పోయండి, ఊక కుళ్లి ఎరువవుతుంది. అట్ట నక్షత్రం పారేయకండి. మాది బీరువా వెనక ఉంది. దాని మీద మా ఆయన ‘ముప్పావు అంగుళం, అంగుళం కాదు’ అని ఎర్ర పెన్నుతో రాసి పెట్టారు.